తాళంచెవి ఎవరి కొంగున?

ఇంట్లో పెత్తనం ఎవరిదో తెలుసుకోవడానికి పూర్వం పెద్ద పరిశోధన అక్కర్లేకపోయేది. తాళంచెవుల గుత్తి ఎవరి కొంగుకి ముడివేసి ఉందో చూస్తే చాలు. బీరువా మామగారు కొన్నది కావచ్చు. అందులో ఉన్న పట్టుచీర కోడలికి పుట్టింటివాళ్ళు పెట్టినదే కావచ్చు. కాని చెవి అత్తగారి కొంగున ఉన్నంతకాలం ఆ చీర ఏ పెళ్ళికి కట్టుకోవాలో, అసలు కట్టుకోవాలో వద్దో చెప్పేది అత్తగారే. "చీర నాది" అని కోడలు అనుకోవచ్చు. అనుకోవడానికి ఖర్చేముంది!

వస్తువు మనది, చెవి ఇంకొకరిది అయితే ఆ వస్తువు ఎంతవరకు మనది? ఈ ప్రశ్న మన ఆడవాళ్ళకి తరతరాలుగా తెలిసిందే. ఇప్పుడదే ప్రశ్న వేషం మార్చుకుని పిల్లలాడుకునే వీడియో గేముల్లోకి వచ్చి కూర్చుంది. "ఆ గోల మాకెందుకండీ, అది పిల్లల వ్యవహారం" అని పేజీ తిప్పేయకండి. ఆడేది పిల్లలే అయినా డబ్బులు కట్టేది మనం. పైగా ఈ ఆటలకి వేస్తూ వచ్చిన తాళాల చరిత్ర చాలా సరదా అయినది. తెలుసుకుంటూ పోతే నాకు మొదట్లో నవ్వొచ్చింది, చివరికొచ్చేసరికి కొంచెం గుబులు వేసింది.

ఆ తాళానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. పొడి అక్షరాల్లో డి.ఆర్.ఎం. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు. కొన్నవాడు ఆ సరుకుతో ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోకూడదో అమ్మినవాడే నిర్ణయించి, ఆ మాట చెల్లేటట్టు సరుకులోనే బిగించిన తాళం అన్నమాట.

ముందు అమ్మేవాడి బాధ విందాం. తగువు తీర్చేటప్పుడు ఇరుపక్షాలూ వినాలి కదా. కంప్యూటరు సరుక్కి ఒక విచిత్రమైన గుణం ఉంది. మా ఇంటి ఆవకాయ జాడీ పక్కింటికిస్తే మా ఇంట్లో జాడీ ఉండదు. కంప్యూటరు సరుకు అలా కాదు. పక్కింటికిచ్చినా మన దగ్గర అలాగే ఉంటుంది. వాళ్ళు వీధంతా పంచిపెట్టినా ఎవరికీ చిటికెడు తగ్గదు. తగ్గేది తయారుచేసినవాడి రాబడి ఒక్కటే! 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు (అప్పటికింకా కోటీశ్వరుడు కాలేదులెండి) కంప్యూటరు సరదా ఉన్నవాళ్ళందరినీ ఉద్దేశించి ఒక బహిరంగలేఖ రాశాడు. తానూ స్నేహితులూ రాత్రింబవళ్ళు కూర్చుని తయారుచేసిన ప్రోగ్రాముని అందరూ వాడుకుంటున్నారట. కొన్నవాళ్ళు మాత్రం పదిమందికి ఒకరు కూడా లేరట. వచ్చిన డబ్బుని పనిచేసిన గంటలతో భాగిస్తే గంటకి రెండు డాలర్లు కూడా గిట్టలేదట. మీరు చేస్తున్నది దొంగతనం సుమా అని మొహమాటం లేకుండా అనేశాడు. చాలామందికి కోపం వచ్చింది. కాని ఆ కుర్రాడి లెక్కలో న్యాయం లేదని అనలేం. వంట చేసిపెట్టినవాళ్ళకి తినేవాళ్ళు కనీసం బియ్యం ఖర్చైనా ఇవ్వాలిగా!

అలా మొదలైంది తాళాల యుగం. మొదటి తాళాలు ఎంత ముద్దుగా ఉండేవో చెబుతాను వినండి.

1980ల్లో ఇంగ్లండులో చాలా ఇళ్ళల్లో స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరు ఉండేది. దాన్ని టీవీకి తగిలించి ఆడుకునేవారు. ఆటలు వచ్చేది మనం పాటలు వినే మామూలు ఆడియో కాసెట్ల మీద. రెండు కాసెట్లు పట్టే టేప్‌రికార్డరు ఒకటుంటే, మనం ఘంటసాల పాటలు రికార్డు చేసుకున్నట్టే వాళ్ళు ఆటల్ని రికార్డు చేసేసుకునేవారు. దీనికి విరుగుడుగా 1984లో జెట్ సెట్ విల్లీ అనే ఆటతోపాటు రంగురంగుల గళ్ళు అచ్చువేసిన కార్డు ఒకటి పెట్టారు. ఆట మొదలెట్టగానే "ఫలానా గడిలో ఉన్న రంగులు వరసగా చెప్పు" అని అడుగుతుంది. చెబితే ఆట, చెప్పకపోతే లేదు. ఆ రోజుల్లో జిరాక్సు అంటే నలుపూ తెలుపే. రంగుల జిరాక్సు మామూలువాళ్ళకి అందేది కాదు. అదీ ఎత్తు! కాని ఆటమీద మనసుపడ్డ పిల్లలకి అడ్డేముంది? రంగు పెన్సిళ్ళు పట్టుకుని గడి గడీ చేత్తో దింపేసుకున్నవాళ్ళున్నారు. హోంవర్కు ఆ శ్రద్ధతో చేసి ఉంటే ఎంత బాగుండేదో!

మరుసటి ఏడు, అంటే 1985లో, ఎలీట్ అనే ఆటకి లెన్స్‌లాక్ అనే ప్లాస్టిక్ అద్దం పెట్టారు. టీవీ తెరమీద అక్షరాలు చిందరవందరగా కనిపిస్తాయి. ఈ అద్దాన్ని తెరకి ఆనించి చూస్తే ముక్కలన్నీ కలిసి రెండక్షరాలు సరిగ్గా కనబడతాయి. అవి కొడితే ఆట తెరుచుకుంటుంది. వినడానికి మాయాబజారులా ఉంది కదూ? కాని టీవీ మరీ పెద్దదైనా, మరీ చిన్నదైనా అద్దం పనిచేసేది కాదు. కొన్ని పెట్టెల్లో ఒక ఆటకి బదులు వేరే ఆట తాలూకు అద్దం పడిందట. డబ్బుపెట్టి కొన్న పిల్లాడు అద్దం పట్టుకుని టీవీ ముందు కళ్ళు చికిలించుకుంటూ కూర్చుంటే, దొంగకాపీ సంపాదించినవాడు హాయిగా ఆడేసుకున్నాడు. తాళాల చరిత్ర పొడుగునా ఈ వింత కనిపిస్తూనే ఉంటుంది. గొళ్ళెం దెబ్బ తగిలేది ఎప్పుడూ ఇంటివాడి వేలికే.

ఇక 1989లో సిమ్‌సిటీ అనే ఆట వచ్చింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకి రావాలి. విల్ రైట్ అనే ఆయన తయారుచేశాడు. తుపాకులూ కొట్లాటలూ ఏమీ లేవు. ఊరు కట్టాలి. రోడ్లు వెయ్యాలి, ఇళ్ళకి కరెంటివ్వాలి, పన్నులు వసూలు చెయ్యాలి, ఎక్కడన్నా నిప్పంటుకుంటే ఆర్పాలి. ఒకరకంగా సంసారమే. దానితోపాటు ముదురెరుపు రంగు కాగితమొకటి ఇచ్చేవారు. దానిమీద ఊళ్ళ పేర్లూ, జనాభాలూ, గుర్తులూ ఉంటాయి. ఆట అడిగినప్పుడు చూసి చెప్పాలి. ఎరుపెందుకంటే, జిరాక్సు తీస్తే మొత్తం నల్లగా వస్తుంది కాబట్టి. 1990లో వచ్చిన మంకీ ఐలండ్ అనే ఓడదొంగల ఆటలో అయితే అట్టతో చేసిన చక్రాలు రెండు. పై చక్రం తిప్పితే ఒక దొంగ తలకాయ సగం ఇంకొక దొంగ గడ్డంతో కలుస్తుంది. ఆట చూపించిన మొహం కుదిరేదాకా తిప్పి, వాణ్ణి ఫలానా రేవులో ఏ ఏడు ఉరితీశారో చక్రంలో చూసి చెప్పాలి. చాలామంది పిల్లలకి ఆటకంటే ఆ చక్రమే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఈ తాళాలన్నిటిలో ఒక మర్యాద ఉంది, గమనించారా? చెవి మన ఇంట్లోనే ఉంది. కార్డో, అద్దమో, ఎర్రకాగితమో, చక్రమో మన సొరుగులో పడి ఉంటుంది. పోగొట్టుకుంటే మన అజాగ్రత్త. దాచుకుంటే మన మనవలూ ఆడుకోవచ్చు. కంపెనీ ఎత్తేసినా మన ఆటకి ఢోకా లేదు. చుట్టంపక్కం వస్తే ఆటా చక్రమూ కలిపి నాలుగురోజులు ఎరువిచ్చి, తిరిగి తెచ్చుకోవచ్చు. పెళ్ళిలో ఇచ్చిన స్టీలుగిన్నె మీద పేరు చెక్కించుకున్నామంటే ఎవరింటికి వెళ్ళినా తిరిగొస్తుందని కదా!

అదే కాలంలో జపాను కంపెనీ నింటెండో ఇంకొక దారి తొక్కింది. 1985లో అమెరికాలో అమ్మకానికి పెట్టిన తన ఆటపెట్టెలో ఒక చిప్పూ, ప్రతి ఆట కాసెట్టులో దాని జోడీ చిప్పూ బిగించింది. రెండూ లోపల్లోపల మాట్లాడుకుంటాయి. మాట కలవకపోతే పెట్టె ఆగుతూ మొదలవుతూ, దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. నింటెండో అనుమతి లేకుండా ఎవరూ ఆటలు తయారుచెయ్యకుండా ఈ ఏర్పాటు. అటారీ గేమ్స్ అనే కంపెనీ ఆ చిప్పు గుట్టు పట్టడానికి నానా తంటాలూ పడి, చివరికి అమెరికా కాపీరైటు ఆఫీసుకి వెళ్ళి, కోర్టు కేసుకి కావాలని చెప్పి దాని నకలు సంపాదించింది. అప్పటికి కేసే లేదు! ఆ అబద్ధం బయటపడి, 1992లో కోర్టు నింటెండో వైపే మాట్లాడింది.

జపానులో 1983లో వచ్చిన మొదటి పెట్టెకి మాత్రం ఈ తాళం లేదు. దాన్ని చూసి చేసిన నకలు పెట్టెలే 1990ల్లో మన ఊళ్ళకి "టీవీ గేమ్" అనే పేరుతో వచ్చాయి. మా ఇంట్లోనూ ఒకటుండేది. ఒకే కాసెట్టులో 9999 ఆటలని అట్టమీద రాసి ఉండేది. లెక్కపెడితే ఓ ఇరవై ఆటలు, అవే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో. పట్టకపోతే కాసెట్టు తీసి ఉఫ్ ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళు పిల్లలు. దీపావళి సెలవుల్లో ఆ కాసెట్టు మా వీధిలో ఎన్నిళ్ళు తిరిగిందో! అది అసలు హక్కుదారుకి పైసా చెల్లని సరుకని అప్పట్లో మా వీధిలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. తాళంలేని ఇంటి సుఖమూ అదే, దోషమూ అదే.

తరవాత సీడీలు వచ్చాయి. సీడీలో సేఫ్‌డిస్క్, సెక్యురామ్ లాంటి తాళాలు పెట్టి, పెట్టెలో అసలు సీడీ ఉంటేనే ఆట నడిచేలా చేశారు. ఇందులో సేఫ్‌డిస్క్ కథ వినదగ్గది. ఆ తాళం పనిచెయ్యాలంటే కంప్యూటరు లోపలి భాగాల్లోకి దూరి కూర్చోవాలి. దానివల్ల బయటి దొంగలకి దారి దొరుకుతోందని 2015లో విండోస్ 10 తెచ్చినప్పుడు మైక్రోసాఫ్టు దాన్ని రానివ్వడం మానేసింది. వాళ్ళ జాగ్రత్త వాళ్ళది, తప్పుపట్టలేం. ఫలితం ఏమిటంటే, పది పదిహేనేళ్ళ క్రితం డబ్బిచ్చి కొని, గీత పడకుండా దాచుకున్న సీడీలు ఒక్కసారిగా పలకడం మానేశాయి. లోపల ఆట చెక్కుచెదరలేదు. తుప్పుపట్టింది తాళం.

అసలు మలుపు అంతకుముందే, 2004 నవంబరులో తిరిగింది. హాఫ్‌లైఫ్ 2 అనే ఆట విడుదలైంది. అంగడికి వెళ్ళి పెట్టె కొనుక్కొచ్చుకున్నవాళ్ళు కూడా, ఇంట్లో ఒంటరిగా ఆడుకునే ఆటే అయినా, ముందు ఇంటర్నెట్టులో కంపెనీవారి స్టీమ్ అనే కొట్టులో పేరు నమోదు చేసుకుని అనుమతి తెచ్చుకోవాలి. మొదటిరోజున అందరూ ఒక్కసారే తోసుకొచ్చేసరికి ఆ గుమ్మంలో ఇరుక్కుపోయారు. జనం సణిగారు, తిట్టారు, ఆటమీద ఇష్టంతో ఒప్పుకున్నారు. ఆనాడే చెవి మన సొరుగులోంచి లేచి వెళ్ళి కంపెనీ కొంగున ముడిపడింది. అంత పెద్ద మార్పు అంత చప్పుడు లేకుండా జరిగిపోయింది.

ఒకసారి చెవి చేజిక్కాక పెత్తనం పెరగడం సహజం. 2008లో విల్ రైట్‌గారిదే స్పోర్ అనే ఆట వచ్చింది. కొన్నవాళ్ళు మూడుసార్లు మాత్రమే కంప్యూటరులో ఎక్కించుకోవచ్చన్నారు. కంప్యూటరు మార్చినా, బాగుచేయించినా ఒక లెక్క పోయినట్టే. జనం అమెజాన్‌లో వేలకొద్దీ ఒంటిచుక్క మార్కులు వేసి కసి తీర్చుకున్నారు, కోర్టుకీ వెళ్ళారు. కంపెనీ దిగొచ్చి మూడుని అయిదు చేసింది. విశేషమేమిటంటే, ఇంత కట్టుదిట్టం చేసిన ఆ ఆటనే ఆ ఏడాది అందరికంటే ఎక్కువమంది దొంగతనంగా దింపుకున్నారని ఒక లెక్క. 2010 మార్చిలో ఫ్రెంచి కంపెనీ యూబిసాఫ్ట్ ఇంకొక మెట్టెక్కి, ఆడుతున్నంతసేపూ నెట్టు ఉండి తీరాలంది. తీగ ఊడితే ఆట అక్కడే ఆగిపోతుంది. మొదటివారంలోనే ఎవరో కంపెనీ సర్వర్ల మీద దాడిచేశారు. సర్వర్లంటే కంపెనీవారి దగ్గరుండే పెద్ద కంప్యూటర్లు, చెవులగుత్తి ఉండేది వాటిలోనే. దెబ్బతో డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఆడుకోలేకపోయారు. ఆ నిబంధనని 2012లో ఆ కంపెనీయే ఎత్తేసింది.

ఇప్పుడు సిమ్‌సిటీ దగ్గరకి వద్దాం. 2013 మార్చిలో కొత్త సిమ్‌సిటీ వచ్చింది. పాతికేళ్ళుగా జనం ఎవరిమటుకు వాళ్ళు ఇంట్లో కూర్చుని కట్టుకున్న ఊరే. ఈసారి మాత్రం నెట్టు లేకపోతే ఒక్క ఇటుక పేర్చడానికి వీల్లేదన్నారు. విడుదలైన రోజున సర్వర్లు చతికిలబడ్డాయి. డబ్బు కట్టినవాళ్ళు రేషను షాపు ముందు నిలబడ్డట్టు గంటలతరబడి వరసలో నిలబడ్డారు. లోపలికి వెళ్ళగలిగినవాళ్ళు కట్టిన ఊళ్ళు కొన్ని మాయమైపోయాయి. అమెజాన్‌వాళ్ళు కొద్దిరోజులు ఆన్‌లైనులో దాని అమ్మకమే ఆపేశారు. ఎందుకయ్యా ఈ నెట్టు అని అడిగితే, ఊరి లెక్కలు చాలామటుకు మా సర్వర్లే చెయ్యాలి, మీ కంప్యూటరువల్ల కాదు అన్నారు. కొద్దిరోజులకే ఒక ఔత్సాహికుడు ఆటని కాస్త సవరించి, నెట్టు లేకుండా ఇంట్లోనే నడుస్తుందని చూపించాడు. ఏడాది తిరిగాక, 2014 మార్చిలో, కంపెనీయే నెట్టు లేకుండా ఆడే పద్ధతిని అందరికీ ఇచ్చింది. కుదరదన్న పని ఎలా కుదిరిందో మరి! ఆ మరుసటి ఏడు, 2015లో, ఆ ఆట చేసిన ఎమెరీవిల్ స్టూడియో మూతపడింది. నెట్టు షరతు అలాగే ఉండి ఉంటే ఆ ఊళ్ళ గతి ఆ కంపెనీ దయమీదే ఉండేది. 1989నాటి ఎర్రకాగితం ఉన్నవాళ్ళకి ఏ దయా అక్కర్లేదు.

అదే 2013లో మనకి బాగా అర్థమయ్యే తగువొకటి జరిగింది. మైక్రోసాఫ్టు తన కొత్త ఆటపెట్టె ఎక్స్‌బాక్స్ వన్ గురించి చెబుతూ, అది రోజుకొకసారి నెట్టులో కంపెనీకి హాజరు పలకాలంది. ఆట డిస్కు స్నేహితుడికి ఇవ్వచ్చుట, కాని ఒక్కసారే. అదీ ఆ స్నేహితుడి పేరు మీ జాబితాలో ముప్ఫై రోజులుగా ఉంటేనేట! పక్కింటావిడకి కాఫీపొడి అరువివ్వడానికి నెలరోజుల పరిచయం రుజువు చేసుకోమన్నట్టు లేదూ? నెట్టు లేనివాళ్ళ సంగతేమిటంటే, వాళ్ళకి మా పాతపెట్టె ఉందిగా అన్నాడు ఆ విభాగం పెద్ద. పోటీ కంపెనీ సోనీ ఊరుకుంటుందా? తమ పెట్టెలో ఆటలు ఎలా ఎరువివ్వాలో నేర్పుతామంటూ అరనిమిషమైనా లేని సినిమా తీసింది. అందులో ఒకాయన ఆట డిస్కు ఇంకొకాయన చేతిలో పెడతాడు. అంతే, సినిమా అయిపోయింది. జనం పగలబడి నవ్వారు. జూన్ 19న మైక్రోసాఫ్టు ఆ నిబంధనలన్నీ వెనక్కి తీసుకుంది. కొనేవాళ్ళు కలిసి నవ్వినా పనులవుతాయన్నమాట.

అన్ని తగువులూ అలా తేలలేదు. 2014 డిసెంబరులో యూబిసాఫ్ట్ ది క్రూ అనే కార్ల ఆట తెచ్చింది. అమెరికా దేశాన్నంతా కుదించి, ఈ చివరినుంచి ఆ చివరికి కారులో తిరగొచ్చు. ఒంటరిగా తిరిగినా నెట్టు ఉండాల్సిందే. పదేళ్ళు కాకుండానే, 2024 మార్చి 31న, కంపెనీ సర్వర్లు ఆపేసింది. ఆ రోజుతో డబ్బిచ్చి కొన్న ప్రతివాడి ఆటా ఆగిపోయింది. డిస్కు అలమరలో ఉంది, పెట్టె ఉంది, బిల్లు ఉంది, ఆట మాత్రం లేదు. కోర్టుకెళ్ళినవాళ్ళకి కంపెనీ చెప్పిన జవాబు ఇది: మీరు కొన్నది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. అత్తగారి నోట ఎప్పుడో విన్న మాటలా లేదూ?

ఈ సంగతి చూసి కడుపుమండి, రాస్ స్కాట్ అనే ఆయన "ఆటల్ని చంపడం ఆపండి" అంటూ ఉద్యమం లేవదీశాడు. సర్వర్లు కలకాలం నడపమని కాదు ఆయన కోరేది. అమ్మడం మానేసే రోజున, కొన్నవాళ్ళు తమంతట తాము ఆడుకోగల స్థితిలో ఆటని వదిలి వెళ్ళండి అని. ఐరోపా దేశాల్లో ఏడాదిలో పదిలక్షల సంతకాలు పోగైతే పై ప్రభుత్వం విని తీరాలని ఒక పద్ధతి ఉంది. 2025 జూలై ఆఖరుకి గడువు ముగిసేసరికి 14 లక్షలు దాటాయి. ఈలోగా యూబిసాఫ్టే 2024 సెప్టెంబరులో, ది క్రూ తరవాతి రెండు ఆటలకీ నెట్టు లేకుండా ఆడే వీలు కల్పిస్తామని ప్రకటించింది. కాలిఫోర్నియా రాష్ట్రం అదే నెలలో చట్టం చేసింది. వెనక్కి లాక్కోగల డిజిటల్ సరుకుని అమ్మేటప్పుడు, ఇస్తున్నది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. 2025 జనవరి 1నుంచి అమలు. వస్తువు దక్కకపోయినా, మాటకి విలువైతే దక్కింది.

"నాలుగురోజులు ఆడి పారేసే ఆటకి ఇంత రభసా?" అని మీకనిపించవచ్చు. నాకూ అనిపించేదే, కొన్ని సంగతులు తెలియకపోతే. 2009 జూలైలో అమెజాన్ తన కిండిల్‌లో చదువుకునే పాఠకుల దగ్గరనుంచి జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండు చెప్పాపెట్టకుండా చెరిపేసింది. హక్కులు లేనివాళ్ళు అమ్మారన్నది కారణం. డబ్బు తిరిగిచ్చేసింది, ఆనక క్షమాపణా చెప్పుకుంది. అయినా, అంగడివాడు రాత్రివేళ మనింట్లో దూరి పుస్తకం తీసుకుని, బల్లమీద డబ్బు పెట్టిపోతే మనం ఒప్పుకుంటామా? ఆ రెండింటిలో ఒకటి, ఉన్న రాతల్ని ప్రభుత్వం చెరిపేస్తూ పోయే కథ 1984 కావడం ఇంకా విడ్డూరం.

రెండో సంగతి జ్ఞాపకాలది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో నూటికి 87 ఇవాళ అంగడిలో దొరకవని అక్కడి వీడియో గేముల చరిత్ర సంస్థ 2023లో లెక్క తేల్చింది. గ్రంథాలయాలు దాచి, పరిశోధకులకి దూరంనుంచి చూపిద్దామంటే, 2024 అక్టోబరులో కాపీరైటు ఆఫీసు కుదరదంది. 1998నాటి వాళ్ళ చట్టం ప్రకారం తాళం తియ్యడమే తప్పు, లోపల ఉన్నది మన సొమ్మే అయినా సరే. ఏవో కొన్ని మినహాయింపులు తప్ప. మన దేశంలో 2012 సవరణతో వచ్చిన చట్టం కొంచెం నయం. హక్కుల్ని కాజేసే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరమంటుంది. పోయాక విలువ తెలియడం మనకి కొత్తకాదు. మన మొదటి టాకీ భక్తప్రహ్లాద 1932లో వచ్చింది, ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్సు చింపి బైండు చేయించుకున్న గృహిణులే లేకపోతే ఎన్ని నవలలు ఊరూపేరూ లేకుండా పోయేవో! వాళ్ళు ఎవరి అనుమతీ అడగలేదు. సూదీ దారం ఉంటే సరిపోయింది. సర్వర్లో ఉన్న ఆటని ఏ సూదితో కుడతాం?

మరి అమ్మేవాడి గతేమిటి, అందరూ దోచుకుపోరా అంటారేమో. దానికి పోలండునుంచి జవాబుంది. 1990ల్లో అక్కడి సంతల్లో దొంగకాపీలు తప్ప అసలు సరుకే కనిపించేది కాదు. సీడీ ప్రాజెక్ట్ అనే చిన్న కంపెనీ 1999లో బాల్డర్స్ గేట్ అనే పెద్ద ఆటని పోలిష్ భాషలోకి మార్చి, పేరున్న నటులచేత మాటలు చెప్పించి, పటమూ పుస్తకమూ పెట్టి, బరువైన పెట్టెలో అందంగా అమ్మింది. జనం ఎగబడి కొన్నారు. దొంగకాపీవాడు అవన్నీ ఇవ్వలేడు మరి! ఆ కంపెనీయే 2008లో ఏ తాళమూ లేకుండా పాత ఆటలమ్మే కొట్టు పెట్టింది, గాగ్ అని దాని పేరు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుంటే ఇక అది మనదే. 2015లో తన సొంత పెద్ద ఆట విచర్ 3ని కూడా ఆ కొట్టులో తాళం లేకుండానే అమ్మింది. దివాలా తియ్యలేదు సరికదా, ఆ ఆట ప్రపంచమంతా కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది.

అంచేత ఈసారి పిల్లవాడు "అమ్మా, ఈ గేమ్ కొనవా" అని మీ ఫోను పట్టుకొస్తే, వెల ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఒక్కడూ ఆడుకునేటప్పుడు కూడా నెట్టు కావాలా? కంపెనీ రేపు దుకాణం కట్టేస్తే ఆట నడుస్తుందా? చెల్లెలికి ఇవ్వచ్చా, తమ్ముడికి మిగులుతుందా? వాడికి తెలియకపోతే కనుక్కోమనండి, పిల్లలకి అదొక మంచి పాఠం. జవాబులు నచ్చకపోయినా కొనొచ్చు. సినిమాకి టిక్కెట్టు కొంటాం, హాలు ఇంటికి తెచ్చుకోం కదా. కాని టిక్కెట్టుని టిక్కెట్టు అని చెప్పి, టిక్కెట్టు ధరకే అమ్మాలి. ఇల్లమ్మినట్టు డబ్బు తీసుకుని, అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించినట్టు చేయించకూడదు.

తాళం వెయ్యొద్దని ఎవరూ అనడంలేదు. కష్టపడి చేసినవాడు తన సొమ్ము కాపాడుకోవాల్సిందే. చెవి ఎవరి కొంగున ఉంటుందో మాత్రం బేరం కుదిరేముందే చెప్పమంటున్నాం. తెలుగిళ్ళల్లో కోడళ్ళు ఆ మాట అడగడానికి చాలాకాలం పట్టింది. మన పిల్లలకి అంతకాలం పట్టనక్కర్లేదు.